ఆగమన కాలానికి ఒక్క పల్లవి చాలు

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది పల్నాడులో ఒక పల్లెటూరి క్యాథలిక్ విచారణ (పారిష్). మెయిన్ చర్చి కాక చుట్టుపక్కల ఊళ్లలో సబ్‌స్టేషన్లు, అంటే దాని కింద ఉండే చిన్న చర్చిలు, కూడా ఉన్నాయి. నేను స్కూల్లో టీచర్‌ని, ఆదివారాలు కోయర్ చూసుకుంటాను. కొత్తగా వచ్చిన ఫాదర్ గారు మొన్న పిలిచి, "ఈ ఆగమన కాలం (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల కాలం) నుంచి పూజా గ్రంథంలో ప్రవేశానికీ సత్ప్రసాదానికీ ఇచ్చిన చిన్న వాక్యాలు, అంటే యాంటిఫన్లు, పాడిద్దాం, కాస్త చూడమ్మా" అన్నారు. సరేనన్నాను గానీ అప్పట్నుంచీ టెన్షన్‌గా ఉంది. వాటికి రాగాలు ఎక్కడ దొరుకుతాయో తెలియదు, నాకు స్టాఫ్ నొటేషన్ రాదు. మా కుర్రాళ్లు కీబోర్డు, ప్యాడ్స్ పెట్టి డిసెంబర్ పాటలు అప్పుడే ప్రాక్టీస్ మొదలుపెట్టారు. వాళ్లకి ఈ మాట చెబితే "చావు పూజలా ఉంటుందక్కా" అంటున్నారు. పెద్దవాళ్లలో చాలామందికి చదువు రాదు. అసలు ఇది తప్పనిసరా? మళ్లీ లాటిన్ కాలానికి వెళ్తున్నామా? ఎక్కడ మొదలుపెట్టాలి?

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం చదివితే, ఆగమన కాలం నాలుగు ఆదివారాలకూ ప్రవేశానికి ఒకటి, దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కి) ఒకటి చొప్పున ఎనిమిది కొత్త రాగాలు ఒక్కసారిగా నేర్పాలేమోనని మీరు భయపడుతున్నట్టు అనిపించింది. అలా చేయకండి. ఈ ఏడాది ఒక్కటంటే ఒక్కటి నేర్పండి. నాలుగు వారాలూ అదే పాడించండి. అది జనం నోటికి వచ్చిందంటే మిగిలినవి వాటంతట అవే వస్తాయి. ఈ మాట నా సొంత తెలివితో చెప్పడం లేదు, తిరుసభే (క్యాథలిక్ చర్చే) ఈ దారి చూపించింది. ఎలాగో కింద చెబుతాను.

ముందు మీ సందేహాలు. తప్పనిసరి కాదు. పూజా గ్రంథం ముందు ఉండే సాధారణ సూచనల్లో 48వ పేరా చూడండి. ప్రవేశ సమయంలో బైబిల్ కీర్తనతో కూడిన యాంటిఫన్ పాడవచ్చు, లేదా ఆ కాలానికీ ఆ సందర్భానికీ తగినదై పీఠాధిపతులు (బిషప్పులు) ఆమోదించిన వేరే గీతం పాడవచ్చు అని ఉంది. అంటే ఇన్నేళ్లుగా మీరు పాడుతున్న ప్రవేశ గీతం తప్పేమీ కాదు. ఫాదర్ గారు కూడా తప్పని అని ఉండరు. అయితే అదే పేరాలో ఇంకో సంగతి ఉంది. ఆ సమయంలో పాట లేకపోతే యాంటిఫన్‌ని విశ్వాసులందరూ గానీ, కొందరు గానీ, పాఠకుడు గానీ చదవాలి. మీ ఊళ్లో మామూలు రోజుల పూజల్లో జరుగుతున్నది ఇదే అయి ఉంటుంది. ఫాదర్ గారు పీఠం దగ్గరికి రాగానే ఎవరో ఒకరు రెండు పంక్తులు చదువుతారు కదా, యాంటిఫన్ అంటే అదే. కొత్తగా ఎక్కడినుంచో తెస్తున్నది కాదు. ఎప్పుడూ చదివేదాన్ని ఇప్పుడు పాడబోతున్నారు, అంతే.

లాటిన్ భయం కూడా అక్కర్లేదు. మీరు పాడేది తెలుగు మాటలే. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబర్ 4న వెలువరించిన దైవార్చన పత్రంలో, సొంత సంగీత సంప్రదాయం ఉన్న ప్రజల సంగీతానికి తగిన గౌరవం ఇవ్వాలని 119వ పేరా స్పష్టంగా చెబుతుంది. దానికి కాస్త ముందు, 117వ పేరాలో, చిన్న చర్చిల కోసం సులభమైన రాగాలతో ఒక పుస్తకం తయారుచేస్తే మంచిదని రాశారు. ఆ మాట ప్రకారమే 1967లో రోమ్ నుంచి 'గ్రాదువాలె సింప్లెక్స్' అనే పుస్తకం వచ్చింది. అంతకుముందునుంచీ ఉన్న పెద్ద లాటిన్ గాన గ్రంథంలో ప్రతి ఆదివారానికీ వేర్వేరు యాంటిఫన్, అదీ బాగా శిక్షణ ఉన్నవాళ్లే పాడగలిగినంత కష్టమైన రాగంలో ఉంటుంది. ఈ చిన్న పుస్తకం పద్ధతి వేరు. ఒక కాలం మొత్తానికి సరిపోయే చిన్న యాంటిఫన్, దానికి తోడు ఒక కీర్తన. వారం వారం మార్చాల్సిన పని లేదు. పెద్ద కోయర్ లేని విచారణల కోసమే దాన్ని తయారుచేశారు. మీ చర్చి లాంటి చర్చిలను మనసులో పెట్టుకొనే ఆ పుస్తకం పుట్టింది. నేను ఒక్కటి చాలు అంటున్నది దీన్ని చూసే.

ఆ ఒక్కటి ఏది? నన్నడిగితే 25వ కీర్తన మొదటి వచనం. "ప్రభూ, నా మనసును నీ వైపు ఎత్తుతున్నాను" అనే భావంతో మొదలయ్యే కీర్తన. ఆగమన కాలం మొదటి ఆదివారం ప్రవేశ యాంటిఫన్ మొదలయ్యేది ఈ మాటతోనే. దైవార్చన సంవత్సరం మొత్తం ఈ మాటతోనే మొదలవుతుంది. పాత లాటిన్ గాన గ్రంథాలు తెరిస్తే మొదటి పేజీలో కనిపించే వాక్యం కూడా ఇదే. అంతేకాదు, మొదటి పఠనం తర్వాత పాడే భక్తి కీర్తనకు ఏ రోజుకారోజు వేరే కీర్తన పాడటం కష్టమైన చోట కాలమంతా వాడుకోవడానికి పఠన గ్రంథం కొన్ని కీర్తనలు ఇచ్చింది. ఆగమన కాలానికి ఇచ్చిన రెండిట్లో ఒకటి ఈ 25వ కీర్తన, రెండోది 85వ కీర్తన. కాబట్టి దీన్ని నాలుగు వారాలు పాడితే ఎవరూ తప్పు పట్టలేరు. మీకు ఎవరైనా లాటిన్ పుస్తకం చూపిస్తే అందులో 24 అని ఉంటుంది, కంగారు పడకండి. పాత లాటిన్ బైబిల్ లెక్కలో ఆ ప్రాంతపు కీర్తనలకు ఒక అంకె తక్కువ.

మాటలు మాత్రం మీరు రాయకండి, నేను పైన రాసిన భావాన్ని కూడా పాడకండి. మన తెలుగు పూజా గ్రంథంలో ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే తీసుకోండి. రాగానికి కుదరలేదని ఒక పదం తీసేయడం, ప్రాస కోసం ఇంకొకటి చేర్చడం మన కోయర్లలో మామూలైపోయింది. ఇది పూజలో పాడే వాక్యం, రాగమే మాటకు లొంగాలి.

ఇక రాగం. మీకు స్టాఫ్ నొటేషన్ రాకపోవడం అసలు సమస్యే కాదు. ఈ యాంటిఫన్ లాటిన్ రాగం గ్రెగోరియన్ పద్ధతిలో, అంటే పాత లాటిన్ చర్చి గానంలో, ఎనిమిదో స్థాయికి (మోడ్‌కి) చెందింది. దాని స్వరాలు మన హరికాంభోజి రాగానికి సరిపోతాయి. ఆ ఎనిమిదో స్థాయిలో కీర్తన చరణాలు చదవడానికి వందల ఏళ్లుగా వాడే ఒక చిన్న సూత్రం ఉంది. ఐదే స్వరాలు, స రి గ మ ప. చరణంలో ప్రతి వచనాన్ని రెండు భాగాలు చేయండి. మొదటి భాగం స, రి, మ అని పైకి ఎక్కి, మ మీద నిలబడి మాటలన్నీ మాట్లాడినట్టే చదివి, చివర ప, మ అని ఆగుతుంది. ఒక్క శ్వాస తీసుకోండి. రెండో భాగం మ మీదే మొదలై, మాటలన్నీ మ మీదే నడిచి, చివరి నాలుగు అక్షరాలకు గ, మ, రి, స అని దిగుతుంది. అయిపోయింది. కీబోర్డు అబ్బాయికి చెప్పాలంటే, సి, డి, ఎఫ్; తర్వాత ఎఫ్ మీద చదవడం; జి, ఎఫ్ దగ్గర ఆగడం; మళ్లీ ఎఫ్; చివర ఈ, ఎఫ్, డి, సి. ఏ చరణమైనా, పొడుగైనా పొట్టిదైనా, ఇందులో ఇమిడిపోతుంది. మ మీద చదివే మాటల సంఖ్య మారుతుంది, మిగతాదేదీ మారదు.

చరణాలకు 4, 5 వచనాలు, తర్వాత 8, 9, తర్వాత 10, 14 తీసుకోండి. పఠన గ్రంథం ఆగమన కాలానికి ఎంచిన వచనాలు అవే. ఒక కాగితం మీద వాటిని పెద్ద అక్షరాలతో రాసి, ప్రతి వాక్యం చివరి నాలుగు అక్షరాల కింద పెన్సిల్‌తో గీత గీయండి. "నమ్ముకొంటిని" అని ముగిస్తే "మ్ము-కొం-టి-ని" అనే నాలుగింటికీ గ మ రి స. పాడే అమ్మాయికి ఆ గీతలే నొటేషన్.

ఇక్కడ ఒక విషయం మీద గట్టిగా పట్టుబట్టండి. తెలుగులో హ్రస్వం, దీర్ఘం మారితే అర్థం మారిపోతుంది. "పడెను" అన్న మాటలో ప మీద రాగం సాగదీస్తే "పాడెను" అయి కూర్చుంటుంది. సినిమా ట్యూన్లకు అలవాటుపడ్డ మన గొంతులు తెలియకుండానే ఇలా సాగదీస్తాయి. కీర్తన చదివేటప్పుడు ముందు పాడకుండా మామూలుగా పైకి చదివించండి. ఊళ్లో చదువుకున్న మనిషి ఎలా చదువుతాడో అలా. ఆ నడకే మ స్వరం మీద రావాలి. తాళం వేయొద్దు. ఒక అక్షరానికి ఒక దెబ్బ అన్నట్టు కొట్టుకుంటూ పోతే ఎక్కాలు వల్లించినట్టు ఉంటుంది.

యాంటిఫన్‌కి, అంటే జనం పాడే పల్లవికి, ఇవే ఐదు స్వరాలతో మీరే రాగం కట్టండి. చేయగలరు. మనసును పైకి ఎత్తుతున్నానని మాట చెబుతోంది కాబట్టి స దగ్గర మొదలై, "ఎత్తు" అన్న చోట ప దాకా ఎక్కి, మెల్లగా స మీదికి దిగితే బాగుంటుంది. గమకాలు వద్దు. ఒకే ఊపిరిలో పాడగలిగేంత ఉండాలి. మీరు కట్టిన రాగం సరైనదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చేతిలో పాటల పుస్తకం లేని ఒక పెద్దావిడకు రెండుసార్లు వినిపించి, మూడోసారి ఆమెను పాడమనండి. తడబడితే తప్పు మీ రాగానిది. ఇంకా సులువు చేయండి. శ్రుతి సి గానీ డి గానీ పెట్టుకోండి. ఇంతకంటే పైకి వెళ్తే మగవాళ్లు నోరు మూసుకుంటారు. మన చర్చిల్లో మగవాళ్లు పాడకపోవడానికి భక్తి లేకపోవడం కారణం కాదు, చాలాసార్లు శ్రుతి అందకపోవడమే.

చదువు రాని పెద్దవాళ్ల గురించి మీరు బెంగపడ్డారు. నాకైతే వాళ్ల కోసమే ఈ పని చేయాలనిపిస్తుంది. ఇప్పుడు పాడే ప్రవేశ గీతానికి నాలుగు చరణాలు ఉంటాయి, పుస్తకం లేకపోతే పాడలేరు, ఉన్నా చదవలేరు. వాళ్లు పల్లవి దగ్గర పెదాలు కదిపి ఊరుకుంటారు. నాట్లు వేసేటప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. చరణాలన్నీ పాడే అమ్మాయి చూసుకుంటుంది, జనానికి వచ్చేది ఒక్క వాక్యం. చూపు ఆననివాళ్లు కూడా రెండో ఆదివారానికి ధైర్యంగా పాడతారు.

ఈ పాడే పద్ధతికి చాలా పాత చరిత్ర ఉంది. 386లో మిలాను నగరంలో జుస్తీనా మహారాణి చర్చిని లాక్కోవాలని చూసినప్పుడు, బిషప్ అంబ్రోసు గారితో పాటు జనం రాత్రింబగళ్లు చర్చిలోనే ఉండిపోయారు. ఆ జనం నీరసపడిపోకుండా, తూర్పు దేశాల్లో పాడే పద్ధతిలో కీర్తనలు, స్తోత్ర గీతాలు పాడించడం అప్పుడే మొదలైందని పునీత అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథంలో రాశారు. ఆయన తల్లి మోనికమ్మగారు కూడా ఆ కాపలాలో ఉన్నారు. అలసిపోయి భయంగా ఉన్న మామూలు జనాన్ని నిలబెట్టడానికి పుట్టిన పాట ఇది. పండితుల కోసం పుట్టింది కాదు. మీ చర్చిలో ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చుంటారా? అయితే రెండో వారం నుంచి యాంటిఫన్‌ని ఒకసారి ఆ పక్క, ఒకసారి ఈ పక్క పాడించి, చివరిసారి అందరితో కలిపి పాడించండి. ఎదురెదురుగా పాడటమే యాంటిఫన్‌కి అసలు పద్ధతి.

పూజకు ముందు నేర్పడానికి మూడు నిమిషాలకు మించి తీసుకోకండి. ప్రసంగం వద్దు, "అమ్మా, నేను పాడాక మీరు పాడండి" అంటే చాలు. మీరు పాడండి, వాళ్లతో పాడించండి, ఇంకోసారి పాడించండి, వదిలేయండి. మొదటి ఆదివారం సరిగా రాకపోయినా ఆపి దిద్దకండి. నవంబర్‌లో పత్తి తీతలు, వరికోతలు ఉంటాయి, సాయంత్రం ప్రాక్టీసుకు పెద్దగా ఎవరూ రారు. కాబట్టి ప్రాక్టీస్ మీద ఆశ పెట్టుకోకుండా ఆగమన కాలానికి ముందు వచ్చే రెండు ఆదివారాల్లో పూజకు ముందు ఈ మూడేసి నిమిషాలు వాడుకోండి.

అన్నిటికంటే ముఖ్యం మైకు. పాడే అమ్మాయి చరణం మైకులో పాడాలి. జనం యాంటిఫన్ అందుకోగానే మైకు నుంచి ఒక అడుగు వెనక్కి జరగాలి. కోయర్ మైకులన్నీ అప్పుడు ఆఫ్‌లో ఉండాలి. మన చర్చిల్లో సౌండ్ ఎంత పెడతారో మీకు తెలుసు. బాక్సుల మోతలో జనం గొంతు వాళ్లకే వినపడదు. తమ గొంతు వినపడని జనం పాడటం మానేస్తారు. ఈ ఒక్క మార్పు చేయండి, మిగతా సలహాలన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

ఇప్పుడు మీ కుర్రాళ్లు. వాళ్లు అన్న "చావు పూజ" మాటను తేలిగ్గా తీసుకోకండి. వాళ్ల భయం నిజమైనదే. తమ చేతిలో ఉన్న పని పోతుందేమోనని ఆ భయం. కాబట్టి ముందు చెప్పాల్సిన మాట, పాటలు ఎక్కడికీ పోవడం లేదు. కానుకల సమర్పణలో పాడండి, సత్ప్రసాదం అయ్యాక కృతజ్ఞతగా పాడండి, పూజ ముగిశాక పాడండి. మార్చేది ప్రవేశం ఒక్కటే. ఈ మాట కోయర్ కూర్చున్నప్పుడు మీరే చెప్పాలి, ప్రసంగ వేదిక మీద నుంచి ఫాదర్ గారితో చెప్పిస్తే ఆజ్ఞలా వినిపిస్తుంది.

రెండో మాట కాస్త కష్టమైనదే, కానీ చెప్పక తప్పదు. ఆగమన కాలంలో ఆర్గన్, ఇతర వాయిద్యాలు ఆ కాలానికి తగినట్టు తగ్గించి వాడాలి, క్రీస్తు జయంతి సంతోషాన్ని ముందుగానే పూర్తిగా చూపించకూడదు అని సాధారణ సూచనల 313వ పేరా చెబుతుంది. మహిమ గీతం (గ్లోరియా) పాడకపోవడం, ఊదా రంగు వస్త్రాలు, అన్నీ ఆ లెక్కే. మన ఊళ్లలో డిసెంబర్ ఒకటో తారీఖు నుంచే సెమీ క్రిస్మస్‌లు, స్టార్లు, డీజేలు మొదలవుతాయి. ఇరవై నాలుగో తారీఖు రాత్రికి జనానికి ఆ పాటలు విని విని విసుగొస్తుంది. వీధిలో జరిగేదాన్ని ఆపమని నేను అనను. కారల్స్‌కి ఇల్లిల్లూ తిరగడం మన ఊళ్లకు అందమైన ఆచారం. కానీ ఎదురుచూడటం అనేది ఆ నాలుగు ఆదివారాలు చర్చిలో ఆ గంట సేపైనా ఉండాలి. కీబోర్డు అబ్బాయికి ఖాళీ చేతులు ఇవ్వకండి. యాంటిఫన్ కింద స, ప స్వరాలు నిలిపి శ్రుతి పట్టుకునే పని అతనికే అప్పగించండి. బీట్, స్టైల్ నొక్కకుండా. మెత్తగా శ్రుతి పట్టడం తాళం వేయడం కంటే కష్టమని వాడికే తెలుస్తుంది. ప్యాడ్స్ అబ్బాయి గొంతు బాగుంటే చరణం పాడించండి. ఇరవై నాలుగో తారీఖు రాత్రి మహిమ గీతానికి ప్యాడ్స్, గంటలు అన్నీ ఒక్కసారి మోగించే పని వాళ్లదేనని ముందే మాట ఇవ్వండి. నాలుగు వారాలు ఆగి కొట్టినప్పుడు ఆ మోత వేరేగా ఉంటుంది.

చావు పూజలా వినిపించకుండా ఉండాలంటే నిదానం వేరు, ఈడ్చడం వేరు అని గుర్తుంచుకోండి. మాట్లాడే వేగంలో చదవండి. వచనానికి వచనానికి మధ్య మాత్రం తొందర పడకండి. ఫాదర్ గారు పీఠం దగ్గరికి చేరి, దాన్ని ముద్దు పెట్టుకొని, తన స్థానానికి వెళ్లగానే ఆ చరణంతో ఆపేసి చివరి యాంటిఫన్ పాడించండి. చిన్న చర్చిలో ప్రవేశానికి నిమిషం, నిమిషంన్నర పడుతుంది. నాలుగు చరణాల పాట అయితే పూర్తయ్యేదాకా ఫాదర్ గారు నిలబడి ఎదురుచూడాలి. ఇది ఎక్కడైనా ఆపవచ్చు, ఎంతైనా సాగించవచ్చు.

ప్రవేశం కుదురుకుందనుకుంటే, మూడో ఆదివారం నుంచి గానీ వచ్చే ఏడాది గానీ సత్ప్రసాదానికి ఒకటి చేర్చండి. నాకు దీని మీద చాలా ప్రేమ. మొదటి ఆదివారం దివ్యసత్ప్రసాద యాంటిఫన్ 85వ కీర్తనలోది. ప్రభువు మేలు అనుగ్రహిస్తారు, మన నేల తన పంటనిస్తుంది అని దాని భావం. పత్తి ఏరి, వరి కోసి, చేతులు కాయలు కాసిన మనుషులు అప్పం అందుకోవడానికి లైన్లో నడుస్తూ "మన నేల పంటనిస్తుంది" అని పాడటం ఎలా ఉంటుందో ఊహించండి. వర్షం మోసం చేసిన ఏడాది ఆ మాట ఇంకా లోతుగా తగులుతుంది. నాలుగో ఆదివారం ప్రవేశ యాంటిఫన్ యెషయా 45వ అధ్యాయం నుంచి. ఆకాశమా మంచు కురిపించు, మేఘాలు నీతిమంతుణ్ని వర్షించాలి, భూమి తెరుచుకొని రక్షకుణ్ని మొలిపించాలి అని. డిసెంబర్ తెల్లవారుజామున పొలం గట్టు మీద నడిచినవాళ్లకు ఈ వాక్యం ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం లేదు. ఈ యాంటిఫన్లు రైతుల నోట్లో ఉండాల్సిన మాటలు. పూజా గ్రంథం మొదటి పంక్తుల్లో ఉండి కూడా ఇన్నాళ్లు మన జనం పెదాల మీదికి రాలేదే అని నాకు బాధగా ఉంటుంది.

సత్ప్రసాద సమయంలో ఇంకో సౌకర్యం ఉంది. లైన్లో నడిచేవాళ్ల చేతిలో పుస్తకం ఉండదు, చంకలో బిడ్డ ఉంటుంది. ఇప్పుడు కోయర్ తప్ప ఎవరూ పాడకపోవడానికి కారణం అదే. ఒక్క వాక్యమైతే నడుస్తూ పాడతారు. ఫాదర్ గారు సత్ప్రసాదం స్వీకరిస్తుండగానే పాట మొదలుపెట్టాలి, చాలామంది కోయర్ వాళ్లు ముందు తాము స్వీకరించి వచ్చాక తీరిగ్గా మొదలుపెడతారు, అప్పటికి సగం లైన్ అయిపోతుంది. కోయర్‌ని చివర్లో పంపండి.

మూడో ఆదివారాన్ని సంతోష ఆదివారం అంటారు కదా. ఆ రోజు ప్రవేశ యాంటిఫన్ ఫిలిప్పీయులకు రాసిన లేఖ 4వ అధ్యాయంలోని "ఎల్లప్పుడూ ప్రభువునందు ఆనందించండి" అనే మాట. గులాబి రంగు వస్త్రాలు ఉన్నా లేకపోయినా, ఆ రోజు వాయిద్యం కాస్త పెంచుకోవచ్చు. ఈ ఏడాది అదే 25వ కీర్తన పాడుతున్నా, పూజకు ముందు ఆ వాక్యాన్ని ఎవరితోనైనా చదివించండి.

ఇక సబ్‌స్టేషన్లు. మీరు అడగలేదు గానీ నా మనసు అక్కడే ఉంది. ఆ ఊళ్లలో ఆదివారం పూజ ఉండని వారాలు ఉంటాయి, మతబోధ చేసే ఉపదేశి గారే ప్రార్థన నడిపిస్తారు. కోయర్ ఉండదు, కీబోర్డు ఉండదు. నాలుగు వారాలకు ఒకే యాంటిఫన్ అన్న పద్ధతి అక్కడే బాగా పనికొస్తుంది. వాయిద్యం లేకుండా ఒక గొంతుతో పాడగలిగేలా ఉండాలని నేను పట్టుబట్టింది కూడా అందుకే. ఉపదేశి గారిని, ప్రతి ఊరి నుంచి పాడగలిగే ఒక అమ్మాయినీ ఒక శనివారం పిలిచి నేర్పండి. మీ ఫోన్లో పాడి రికార్డు చేసి వాట్సాప్‌లో పంపండి. నీట్‌గా స్టూడియోలో చేసినట్టు ఉండక్కర్లేదు, వాయిద్యం లేకుండా ఉంటేనే వాళ్లకు శ్రుతి దొరుకుతుంది.

వాళ్లకే ఇంకొకటి కూడా అప్పగించవచ్చు. డిసెంబర్ 17 నుంచి 23 దాకా ఏడు రోజులకు ఏడు 'ఓ' యాంటిఫన్లు ఉన్నాయి. కనీసం ఎనిమిదో శతాబ్దం నుంచి సాయంకాల ప్రార్థనలో మరియమ్మగారి స్తోత్ర గీతానికి ముందూ వెనకా పాడుతున్నవి. 17న ఓ జ్ఞానమా, 18న ఓ అదొనాయి (హీబ్రూలో ప్రభువు), 19న ఓ యిషాయి వేరూ, 20న ఓ దావీదు తాళపుచెవీ, 21న ఓ ఉదయ కాంతీ, 22న ఓ సర్వజాతుల రాజా, 23న ఓ ఇమ్మానుయేలూ. ఉదయ కాంతిని పిలిచే రోజు ఏడాదిలో రాత్రి అన్నిటికంటే పొడుగ్గా ఉండే రోజుల్లో పడుతుంది. లాటిన్‌లో ఈ ఏడు పేర్ల మొదటి అక్షరాలను చివరి నుంచి వెనక్కి చదివితే "ఏరో క్రాస్" అని వస్తుంది, "రేపు నేను ఉంటాను" అని దాని అర్థం. ఇది పిల్లలకు చెప్పండి, వాళ్లు మర్చిపోరు.

ప్రతి దాంట్లోనూ ముందు పేరు పెట్టి పిలుపు, తర్వాత ఆయన ఎవరో చెప్పే రెండు మాటలు, చివర "రమ్ము" అనే వేడుకోలు. పిలుపూ వివరణా ఒకరు పాడితే, "రమ్ము" నుంచి చివరి వరకు అందరూ అందుకోవాలి. లాటిన్‌లో ఏడింటికీ ఒకే రాగం, రెండో స్థాయిది, దాని స్వరాలు మన ఖరహరప్రియకు సరిపోతాయి. మీరూ ఏడింటికీ ఒకే రాగం పెట్టండి. మామూలు రోజుల పూజ ఉంటే వీటిని సువిశేషానికి ముందు అల్లెలూయ వచనంగా కూడా పాడవచ్చు, పఠన గ్రంథంలో ఆ రోజుల్లో వచ్చేవి ఇవే, కాకపోతే కొన్నిటి తేదీలు అక్కడ మారతాయి. పూజ లేని ఊళ్లో అయితే సాయంత్రం జపమాల చివర పాడండి. క్రిస్మస్ నవదిన ప్రార్థనలు 16నే మొదలవుతాయి కాబట్టి జనం ఎలాగూ కూడుతారు. కారల్స్ బృందం వెళ్లిన ప్రతి ఇంట్లో చివరి పాట ఆ రోజు యాంటిఫన్ అయితే మరీ మంచిది. పై ఏడాదికి పిల్లలు దాన్ని అడిగి మరీ పాడించుకుంటారు.

ఇవన్నీ ఈ ఏడాదే చేయాలని మీరు కూర్చోవద్దు. ఒక పేజీ రాసుకొని ఫాదర్ గారి దగ్గరికి వెళ్లండి: ఈ ఏడాది ప్రవేశానికి 25వ కీర్తన, వచ్చే ఏడాది సత్ప్రసాదానికి 85వ కీర్తన, 'ఓ' యాంటిఫన్లు మెయిన్ చర్చిలో కాక ముందు ఒక సబ్‌స్టేషన్‌లో. ఆయన ఒప్పుకుంటారు. ఒకటి మాత్రం ఆయన్ని గట్టిగా అడగండి. "ఏలినవారు మీతో ఉందురుగాక" అని ఆయన పాడితే మనం తిరిగి పాడే జవాబులు ఉన్నాయి కదా, అవి ఆయన పాడాలి. పూజలో పాడాల్సిన వాటిలో గురువుకూ ప్రజలకూ మధ్య నడిచే ఆ జవాబులే ముందు అని 1967 మార్చి 5న వచ్చిన పవిత్ర సంగీత సూచనల పత్రం చెబుతుంది. గురువు పాడటం మొదలుపెడితే జనం నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. గొంతు బాగోలేదని ఆయన అంటే, పైన చెప్పిన ఐదు స్వరాల్లో ఒక్క మ మీద చదివినా సరిపోతుందని చెప్పండి.

మీరు కట్టిన యాంటిఫన్ రాగాన్ని స్వరాలతో రాసి, వీలైతే రికార్డింగ్‌తో సహా పంపండి. ఎక్కడైనా మాట విరుగుతుంటే, శ్రుతి ఎక్కువవుతుంటే, ఆగమన కాలం మొదటి ఆదివారానికి ముందే చెబుతాను.